మన డిటెక్టర్ సంఘం వార్షిక నివేదిక: దొరికిన బంగారం, దొరకని సభ్యులు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం అన్నాక నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను. చెరువులో పోయిన వస్తువుల్ని మెటల్ డిటెక్టర్లతో వెదకడానికే సంఘం పెట్టుకున్నామని అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. ఈ ఏడాది పని ఎవరు చేశారో మాత్రం కాస్త వివరంగానే చెప్తాను. గ్రూప్ ఫొటోలో ఉన్నవాళ్ళంతా నీళ్ళలో దిగారనుకుంటే పొరపాటు.

ముందు పెద్ద సంగతి. తూము మరమ్మతుకని చెరువులో నీళ్ళు తగ్గించిన వారం మనకు పండగే అయింది. ఎప్పుడూ మెడలోతు ఉండే ఈతరేవులో నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. తాళ్ళు కట్టి, గళ్ళు పంచుకుని, గట్టు నుంచి లోపలికి వరసగా వెదికాం. ఉంగరాలు ఎక్కువగా రేవులోనే ఎందుకు దొరుకుతాయని కొత్తవాళ్ళు అడిగారు. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి, ఒంటికి రాసుకున్న క్రీముతో జారుడు ఎలాగూ ఉంటుంది, ఇక బంతి కోసం ఒకసారి చెయ్యి విసిరితే చాలు. పడ్డది పైన కూడా ఉండదు. మేలిమి బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, నగల బంగారం అంతకు కొంచెం తక్కువ. జనం తొక్కేకొద్దీ ఇసుకలో దిగిపోతూ గట్టి బంకమట్టి తగిలితేగానీ ఆగదు.

ఒకరు స్కూప్ (ఇసుక తోడే చిల్లుల గరిట) వేసి ఏమీ లేదని వదిలేసిన గుంటలోనే మన ఉపాధ్యక్షురాలు గారు మళ్ళీ కాయిల్ (లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ చివరి చుట్ట) తిప్పి, ఇంకా లోతుకు దించి, ఒక మట్టిముద్ద తీశారు. వేళ్ళతో నొక్కి విడదీస్తే లోపల ఉంగరం. నీళ్ళలో కడగ్గానే కొత్తదానిలా మెరిసింది. పక్క గడిలో దొరికిన వెండి పట్టీ మాత్రం బొగ్గులా నల్లబడిపోయింది. ఉంగరం లోపలి వైపు 750 అని ముద్ర, అంటే 18 క్యారెట్లు. దాని పక్కన రెండు అక్షరాలు, ఒక తేదీ.

ఫొటో ఎక్కడా పెట్టలేదు. ఉంగరం దొరికింది, లోపల ఏం చెక్కి ఉందో చెప్పినవాళ్ళకే ఇస్తాం అని మాత్రం నోటీసు అంటించాం. అందులో ఎర్రరాయి ఉందని వాదించినవాళ్ళు కూడా వచ్చారు! చివరికి ఒక పెద్దావిడ అక్షరాలూ తేదీ తడుముకోకుండా చెప్పారు. పాత వేలికి ఇప్పుడు పట్టలేదు, చిటికెన వేలికి పెట్టుకుని వెళ్ళారు. ఈ ఏడాది మనం ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చాలని నా అభిప్రాయం.

కానీ చేశాం. సన్నటి బంగారు ఉంగరానికీ, అల్యూమినియం ఫాయిల్‌కీ, కూల్‌డ్రింక్ డబ్బా రింగుకీ మిషన్ దాదాపు ఒకటే సిగ్నల్ ఇస్తుంది. చెత్త వద్దని డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలకు మిషన్ పలకకుండా చేసే సెట్టింగ్) పెంచుకుంటే ఉంగరం కూడా పలకదు. సన్న గొలుసైతే మరీ కష్టం, లింకులు విడివిడిగా కనిపించి ఒక్కోసారి కొక్కెం మాత్రమే పలుకుతుంది. కాబట్టి పలికిందల్లా తవ్వాల్సిందే, తీసిన చెత్త సంచుల్లో మోయాల్సిందే. బంగారం దొరికిందని మెసేజ్ పెడితే పది నిమిషాల్లో రేవు నిండిపోతుంది, సంచులు ఎత్తే వేళకి అందరికీ ఇంట్లో పని ఉంటుంది. పేర్లు రాయను.

వింత వస్తువులకేం తక్కువ లేదు. లోహపు తీగలున్న కట్టుడు పళ్ళు, తాళాల గుత్తులు, గాలాలకు కట్టే సీసపు గుండ్లు, వెనకవైపు కోసేసిన ఒక నగదు పెట్టె. తాళం మాత్రం భద్రంగా వేసే ఉంది! దాన్ని పోలీసులకు అప్పగించాం. తుప్పు పట్టిన గొట్టం ఒకటి ఫిరంగి గుండేమో అని అనుమానం వచ్చి, అందరినీ గట్టెక్కించి వాళ్ళకే ఫోన్ చేశాం. వాళ్ళొచ్చి చూసి పంపు ముక్క అని నవ్వారు. నవ్వనీయండి, మళ్ళీ దొరికినా ఇలాగే చేస్తాం. నీళ్ళలో నానినంత మాత్రాన గుండు పేలకుండా పోదు.

నీళ్ళు నిండుగా ఉన్న నెలల్లో ఒక ప్రసంగం పెట్టుకున్నాం. 1857లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ సరస్సు బాగా తగ్గినప్పుడు లా టెన్ దగ్గర పాత ఇనుప ఆయుధాలు బయటపడ్డాయి, ఇనుప యుగంలో ఒక దశకు ఆ చోటి పేరే స్థిరపడింది. కొలంబియాలో గ్వాటవిటా సరస్సులో ముయిస్కా అనే అక్కడి ఆదివాసులు బంగారం సమర్పించేవారని, దానికోసం గట్టునే కోసిన ఆశపోతుల కథ విని కుర్రాళ్ళు గుడ్లప్పగించారు. 1965 నుంచి అలా వెదకడానికి అక్కడ చట్టం అడ్డుంది. మనమూ అలాగే జాగ్రత్తగా ఉండాలి, పాతదనిపిస్తే తవ్వడం ఆపి, చోటు గుర్తుపెట్టి, అధికారులకు చెప్పాలి. చెప్పడానికి వాళ్ళు దొరకాలనుకోండి. రెండో చెరువుకు అనుమతి కోరుతూ పెట్టిన అర్జీకి జవాబు లేదు, గుర్తుచేస్తే సంబంధిత సారు లీవులో ఉన్నారన్నారు, ఇప్పటికీ లీవులోనే ఉన్నట్టున్నారు.

జమాఖర్చుల పట్టిక వెనక జతచేశాం, ఆడిట్ అయింది. ఎక్కువ ఖర్చు కాయిల్ మార్పించడానికీ, నీళ్ళలో పనిచేసే హెడ్‌ఫోన్లకీ అయింది. నీటి అడుగున బ్లూటూత్ అందదు కాబట్టి వైరువే కొన్నాం, మళ్ళీ అడగొద్దు.

రేవు వాడుకోనిచ్చిన పడవవాళ్ళకీ, తాళ్ళు ఇచ్చిన జాలర్లకీ, లెక్కలతో కుస్తీ పట్టిన కోశాధికారి గారికీ, నీళ్ళలో దిగకపోయినా పొద్దున్నుంచి గట్టు మీద కూర్చుని దొరికిన ప్రతిదీ పుస్తకంలో ఎక్కించిన అమ్మాయికీ కృతజ్ఞతలు. సామాను చూసుకునే బాధ్యత వచ్చే ఏడాది ఎవరైనా తీసుకోవాలి, నావల్ల కాదు. స్కూప్ ఒకటి, హెడ్‌ఫోన్లు రెండు జతలు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు, సమావేశానికి వచ్చేటప్పుడు పట్టుకురండి.

ఇట్లు,
కార్యదర్శి