తిథి పక్కన పోటు వేళ కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, సూర్యోదయం, సూర్యాస్తమయం వేస్తున్నారు. వాటి కింద ఇంకొక్క లైను వేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ రోజు మన తీరంలో పోటు ఎన్నింటికి, ఆటు ఎన్నింటికి అన్న లైను.

కార్తీక వనభోజనాలు మొదలు శివరాత్రి దాకా, ఆదివారం వస్తే బారువ, శివసాగర్, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి, కోనాడ బీచ్‌ల దగ్గర బండి పెట్టడానికి చోటు దొరకదు. ఈమధ్య టెంట్లు వేసుకుని రాత్రి ఉండేవాళ్లు కూడా పెరిగారు. వాళ్లకు అక్కడ బోర్డంటూ ఉంటే దాని మీద కనిపించేది 'స్నానాలు ప్రమాదకరం' అన్న ఒక్క మాట. ఏడాది పొడుగునా అదే మాట చెప్పే బోర్డును ఎవరు పట్టించుకుంటారు? ప్రమాదం ఏ వేళ, ఏ చోట, ఎందుకో చెబితే కదా మనిషి ఆగి చదివేది.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు ఆటు పడుతుంది. పోటుకూ ఆటుకూ నడుమ ఆరు గంటల పన్నెండు నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. మర్నాడు అదే పోటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే తిథి తెలిస్తే పోటు వేళ ఇంచుమించు చెప్పేయొచ్చు. ఒక పౌర్ణమి నాడు పోటు ఎన్నింటికి నిండిందో రాసిపెట్టుకుని, ఆపైన తిథికి యాభై నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోవడమే. వేటకెళ్లేవాళ్లకు ఇది వేళ్ల మీది లెక్క. బస్సు దిగి వచ్చేవాడికే తెలియదు.

అమావాస్య నాడూ పౌర్ణమి నాడూ మన దగ్గర పోటుకూ ఆటుకూ నీటిమట్టం తేడా మీటరున్నర దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. మనం సముద్రస్నానాలకు ఎంచుకున్నవేమో కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి! నీరు బాగా ఎక్కి, బాగా దిగే రోజులే అవి. ఆచారం మానమని ఎవరూ అనరు. పోటు నిండి నీరు నిలకడగా ఉన్న వేళ చూసుకుని, నది మొగకు బాగా దూరంగా మునగమని చెప్పాలి. ఆ వేళ ఏదో తెలియాలంటే మీ పేపర్లో ఆ లైను ఉండాలి.

మొగల మాట విడిగా చెప్పాలి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, బాహుదా ఇచ్ఛాపురం అవతల డొంకూరు వైపు సముద్రంలో కలుస్తాయి. చూడ్డానికి అందమైన చోట్లు అవే, మనుషులను మింగే చోట్లు కూడా అవే. పోటు వేళ నదిలోకి ఎక్కిన నీరంతా ఆటు వేళ నది నీటితో కలిసి ఆ ఇరుకు దారిలోంచే బయటపడాలి. ఆరు గంటల్లో దిగే నీటిలో సగం, ఆటు మొదలైన మూడో గంట, నాలుగో గంటల్లోనే దిగిపోతుంది. లాగుడు అప్పుడే ఎక్కువ. మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి కాళ్ల కింద ఇసుక కోసుకుపోతుంది, రెండు అడుగులు వేసేసరికి నిలువు లోతు. పైగా ప్రతి వరదకూ ఇసుక మేట జరిగిపోతుంటుంది. నిరుడు నడిచి దాటిన చోటు ఈ ఏడాది కూడా నడిచి దాటగలమనుకోవద్దు.

మొగ లేని చోట కూడా ఒక ప్రమాదం ఉంది. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక పాయ చేసుకుంటుంది. దాన్నే ఇంగ్లీషులో రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే, నడుమ పదిపదిహేను గజాల మేర కెరటం విరగకుండా, నీరు కాస్త నల్లగానో బురదగానో, నురగ లోపలికి పోతూ కనిపిస్తుంది. తెలియనివాళ్లు 'ఇక్కడ అలలు లేవు, పిల్లలకు మంచిది' అనుకుని సరిగ్గా అక్కడే దింపుతారు! దిగేముందు కాస్త ఎత్తైన ఇసుక దిబ్బ మీద నిలబడి పది నిమిషాలు చూస్తే ఈ పాయ పోల్చుకోవచ్చు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు, మునిగేది ఆ అలుపుతోనే. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, కెరటాలు విరిగే చోటికి చేరాక వాటితోపాటే ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకొద్దు. ఒకరి వెనుక ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు పోవడం మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఖాళీ అయిన ఐదు లీటర్ల నూనె డబ్బాకు మూత గట్టిగా బిగించి, చేతిపట్టుకు ముప్పై మీటర్ల నైలాన్ తాడు కట్టి బండిలో పడేసుకోండి. అది విసరడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. డబ్బాలో గుప్పెడు నీళ్లు పోస్తే గాలికి కొట్టుకుపోకుండా విసిరిన చోట పడుతుంది.

వాతావరణం మాటకొస్తే, అక్టోబరు, నవంబరు మొదటి పక్షం నమ్మదగ్గవి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఆ రాత్రికి రాత్రే నేలకొరిగాయి. కళింగపట్నం రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే వాయుగుండం ఇంకా దూరాన ఉన్నట్టు. మూడో నంబరు ఎగిరితే ఈదురుగాలి మన రేవు మీదకే రాబోతున్నట్టు. ఒకటో నంబరుకే టెంటు ఎత్తేయాలన్నది మా మాట. తుపాను తీరం దాటిన రెండు మూడు రోజుల వరకు, ఎండ కాస్తున్నా సరే, నీళ్లలోకి దిగొద్దు.

టెంటు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. టెంటుతోపాటు వచ్చే జానెడు మేకులు గట్టినేలకు చేసినవి, పొడి ఇసుకలో ఒక్క గాలికి ఊడొస్తాయి. వాటికి బదులు నాలుగైదు ఖాళీ బియ్యం సంచులు తీసుకెళ్లండి. ఒక్కో దాంట్లో ఐదారు కిలోల ఇసుక నింపి, నడుముకు తాడు కట్టి, మూరెడు లోతు గొయ్యి తీసి అడ్డంగా పూడ్చి, పైన తొక్కేయాలి. తాడు లాగే దిక్కుకు సంచి అడ్డంగా ఉండాలి, లేకపోతే జారిపోతుంది. చలికాలం మంచు బాగా కురుస్తుంది కాబట్టి పైగుడ్డకూ లోపలి గుడ్డకూ నడుమ జానెడు ఖాళీ వదలాలి. రెండూ అంటుకుంటే తెల్లారేసరికి పక్కబట్టలు తడిసిపోతాయి. కొబ్బరిచెట్టు కింద టెంటు వేయకండి, కాయ పడితే టెంటు గుడ్డ ఆపదు. మొగలి పొదల పక్కన వద్దు. పాముల భయం వట్టి సామెత కాదు, రక్తపింజరి ఎండుటాకులో కలిసిపోయి కనిపించదు. రాత్రి టార్చి లేకుండా అడుగు వేయొద్దు, పొద్దున చెప్పులు దులపకుండా తొడగొద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ పనికిరావు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్ర సాయంతో ఉంచి 108కి ఫోన్ చేయాలి.

అయితే ఎక్కడ వేయాలి? పోటు వదిలిపెట్టిన నాచు, గుల్లల గీత ఇసుక మీద కనిపిస్తుంది. దానికి పైన ఉన్న పొడి ఇసుకే టెంటుకు బాగుంటుందని అందరూ అనుకుంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇసుక మనది కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి, సరిగ్గా అక్కడే మూరెడు లోతు గుంట తవ్వి దాదాపు వంద గుడ్లు పెట్టి వెళ్తాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొచ్చి, ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. మామూలుగా అది సముద్రం వైపు. మనం నెగడు వేసినా, కారు హెడ్‌లైట్లు వేసినా అవి ఇటు తిరిగొచ్చి, తెల్లారేసరికి కాకుల పాలవుతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది, పులికున్న రక్షణే దానికీ ఉంది. కాబట్టి టెంటు సరుగుడు తోట వెనకాల, ఊరివాళ్లను అడిగి వేసుకోవాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి. ఇసుక మీదకు బండి దింపకూడదు.

సరుగుడు ఆకు ఎండితే చమురులా అంటుకుంటుంది. వంటకు చిన్న గ్యాస్ పొయ్యి చాలు, చుట్టూ రెండు మీటర్లు ఆకు ఊడ్చేయాలి. కట్టెల పొయ్యి తప్పదనుకుంటే ఒక మాట గుర్తుంచుకోండి. నిప్పుల మీద ఇసుక కప్పితే ఆరిపోయినట్టు కనబడుతుంది తప్ప ఆరదు. లోపల గంటల తరబడి కణకణలాడుతూ ఉంటుంది, మర్నాడు పొద్దున పరిగెత్తే పిల్లాడి పాదం దాని మీదే పడుతుంది. బిందెడు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోయాలి. సీసాలు పూడ్చిపెట్టేవాళ్లతో ఇంకా పెద్ద తంటా. ఒడ్డుకు వల లాగేవాళ్లు వట్టి కాళ్లతో లాగుతారు. తెచ్చిన సీసా తిరిగి తీసుకెళ్లడం అంత బరువా?

తాగడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్లు వెంట తెచ్చుకోవాలి, వంటకు వేరే. పలాసలోనో సోంపేటలోనో ఇరవై లీటర్ల క్యాను నింపుకుంటే నలుగురికి ఒక రాత్రి గడుస్తుంది. ఉద్దానం పల్లెల్లో తాగునీటి మాట ఎలాంటిదో ఈ పేపరు పాఠకులకు చెప్పనక్కర్లేదు. అక్కడి కుళాయి దగ్గర కారు కడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఉద్దానంలో ఇంకో అతిథి ఎలుగుబంటి. మార్చి నుంచి జీడిపండు, పనసపండు వాసనకు తోటల్లోకి వస్తుంది. టెంట్లో పనసతొనలు, బెల్లం, తేనె ఉంచొద్దు. తిన్న ఎంగిలి టెంటుకు ఆమడ దూరాన కాకపోయినా వంద అడుగులైనా అవతల ఉండాలి. చీకటి విడవకముందు, పొద్దు గూకాక తోటల్లో నడవాల్సొస్తే పెద్దగా మాట్లాడుకుంటూ నడవండి. అది చూపు మందం జంతువు, ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కనబడితే పరిగెత్తకుండా, మొహం అటే ఉంచి మెల్లగా వెనక్కి రావాలి.

కొండలెక్కేవాళ్లకు సులువైనవి రామతీర్థం బోధికొండ, గురుభక్తులకొండ, 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన శాలిహుండం. పొద్దున తొమ్మిది లోపు దిగేస్తే చాలు, తర్వాత రాయి కాలుతుంది. రాతి చరియ కింద పెద్ద తేనెపట్టు ఉంటే సిగరెట్టు, అత్తరు రెండూ వద్దు. మహేంద్రగిరి అలాంటిది కాదు. ఎత్తు 1501 మీటర్లు, పైభాగం ఒడిశా గజపతి జిల్లాలోది. గుళ్లు చూడ్డానికి ఆ వైపు నుంచి బండ్లు ఎక్కుతాయి. మందస వైపు నుంచి కాలినడక. ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట అన్నది కొండలెక్కేవాళ్ల పాత లెక్క. పది కిలోమీటర్ల దారిలో 1200 మీటర్లు ఎక్కాలంటే నాలుగు గంటలు, మన ఉక్కకు సగం కలిపితే ఆరు. దిగడానికి నాలుగు. మొత్తం పది. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలే, ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఆరింటికి బయల్దేరకపోతే ఆ రోజుకు మానేయడం మేలు. పన్నెండున్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, శిఖరం కనబడుతున్నా సరే. అటవీ శాఖ అనుమతి, దారి తెలిసిన ఊరి మనిషి లేకుండా వెళ్లొద్దు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం.

తాటిపూడి జలాశయం గురించి ఒక్క మాటే. అది విశాఖ తాగే నీరు, సబ్బు తేవద్దు. తేలినీలాపురం కొంగల దగ్గరకు వెళ్తే పాటల పెట్టె బండిలోనే ఉంచండి. రైల్లో వచ్చేవాళ్లకు ఇంకొకటి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, సోంపేట స్టేషన్ కంచిలిలో. రాత్రి దిగి తికమకపడేవాళ్లు ఎందరో.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దలు అక్కడి స్టేట్ పార్కుల గురించి గొప్పగా చెబుతుంటారు. టెంటు చోటుకు నంబరు, ఒక బల్ల, నిప్పుకు ఇనుప చట్రం, రాత్రి పదికల్లా నిశ్శబ్దం. కాలిఫోర్నియాలో అయితే ఆ చోటు ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకుంటారు. ఇవన్నీ రేపటికల్లా బారువకు రావాలని మేము అడగడం లేదు. అక్కడ గేటు దగ్గర చేతిలో పెట్టే కాగితం ఒకటుంటుంది. ఈ రోజు ఏ దారి మూశారు, నీళ్లు ఎక్కడ, ప్రమాదం ఎక్కడ అని ఉంటుంది అందులో. మన పంచాయతీలు సుద్దముక్కతో రాసే నల్లబల్ల ఒకటి పెట్టినా ఆ పని జరుగుతుంది. పొద్దున్నే దాని మీద రాయడానికి అంకెలు కావాలి, ఆ అంకెలు ప్రతి పల్లెకూ తెల్లారేసరికి చేరేది మీ పేపరుతోనే.

పోటు పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే ప్రచురిస్తుంది. ఎత్తైన అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. విశాఖపట్నం వేళలు వేసినా మన తీరానికి కొద్ది నిమిషాల తేడాతో సరిపోతాయి. చోటు లేదంటారేమో, రాశిఫలాల్లో ఒక రాశికి ఒక వాక్యం తగ్గిస్తే వస్తుంది.

ఇట్లు,
కొందరు పాఠకులు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా