వాన కబురు కాంటా దాకా రాదా?

తెలంగాణ పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా కొనుగోలు సెంటర్‌లో వడ్ల కుప్పలు మళ్ళీ తడిశాయి. ఆరబోసుకుంటుండగానే హైదరాబాద్ వాతావరణ కేంద్రం నుంచి ఇంకో ఎల్లో అలర్ట్ వచ్చింది. వాళ్లను అనడానికేం లేదు, ముందే చెబుతున్నారు. నా గొడవంతా ఆ కబురు వచ్చాక మీ శాఖలో ఏం కదులుతోంది అన్నదే.

ఎండాకాలం వాన మన దగ్గర ఒక్కసారి పడి ఊరుకునేది కాదు. విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా తమిళనాడు వైపు అల్పపీడన ద్రోణి సాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంటే, కింద నేల కాలిపోతుంటుంది. మధ్యాహ్నం దాకా ఎండ దంచికొట్టి, పొద్దుగూకే వేళకు మబ్బు కమ్ముకుంటుంది. గంటసేపు గాలిదుమారం, ఖర్మ బాగాలేకపోతే రాళ్ల వాన. రెండు రోజులు తెరిపిచ్చి మళ్ళీ మొదలు. 2023లో మార్చి మధ్యలో వడగళ్లు పడ్డాయి, ఏప్రిల్ ఆఖర్లో మళ్ళీ, మే మొదట్లో ఇంకోసారి. 2025లో అయితే నైరుతి మే 24కే కేరళను తాకి, రెండు రోజుల్లో మన గడప తొక్కింది. యాసంగి (రబీ) వడ్లు సెంటర్లకు చేరేది సరిగ్గా ఈ రోజుల్లోనే. కాబట్టి దీన్ని ‘అకాల వర్షం’ అని ప్రతి ఏడాదీ కొత్తగా ఆశ్చర్యపోవడం ఇక మానుకోవచ్చు.

హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా వేసి కొంటారు. అంటే రోజుల తరబడి రోడ్డు మీదో, సెంటర్ ముందు మట్టి నేల మీదో పోసి తిరగేస్తూ ఉండాలి. వాన పడితే లెక్క మళ్ళీ మొదటికి. పరదా కప్పుకోలేదా అని అధికారులు అడుగుతారు. కప్పుతాం సార్, కిరాయికి తెచ్చుకుని మరీ కప్పుతాం. నీళ్లు వచ్చేది పైనుంచి కాదు, అడుగు నుంచి. పొద్దున్నే పరదా లేపితే ఆవిరి మొహానికి కొడుతుంది. కుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంటుంది, ముక్కిన వాసన వస్తుంది. అడుగున గుప్పెడు తీసి చూస్తే గింజ గింజకూ తెల్లటి మొలక.

మొలకెత్తినవి, రంగు మారినవి, దెబ్బతిన్నవి, పురుగు పట్టినవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదని నిబంధన. మిల్లు దగ్గర బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. లారీ దించుకోవాలంటే బస్తాకు ఇన్ని కిలోలు తరుగు ఒప్పుకోవాలి. మొలక మా తప్పయినట్టు తలూపి వస్తాం, లారీ వెయిటింగ్ చార్జీ భయంతో.

చేలో ఉన్న పంట పోతే ఏదో ఒక లెక్క ఉంది. 2022-26 నిబంధనల్లో 33 శాతం, ఆపై నష్టానికి విపత్తు నిధి నుంచి నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలని ఉంది. 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పొలాలు చూసి ఎకరాకు 10,000 ప్రకటించారు. కోసి కుప్ప పోసిన వడ్లు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమాలో కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా అకాల వర్షం నష్టం వర్తిస్తుంది. మన రాష్ట్రం 2020లో అందులోంచి బయటికొచ్చింది, మళ్ళీ చేరతామన్న మాట వింటూనే ఉన్నాం. చేరినా అందులో ఉన్నది ‘పొలంలో’ అన్న మాట. సెంటర్ దాకా మోసుకొచ్చిన పాపానికి మేం పొలం రైతులమూ కాదు, వడ్లు సర్కారువీ కాదు.

మామిడి రైతుల గోస వేరే. జగిత్యాల, కొల్లాపూర్ వైపు ఒక్క గాలికి కాయంతా నేలరాలుతుంది. అది మీ శాఖ కాదు కాబట్టి దాని జోలికి పోను.

మీ చేతిలో ఉన్నది చెబుతాను. అలర్ట్ వచ్చిన జిల్లాలకు ఆ రోజు లారీలు ముందు వెళ్లాలి, తేమ సరిపోయిన కుప్పలు వాన కంటే ముందు కాంటా కావాలి. ఇప్పుడు జరిగేది ఉల్టా: మబ్బు పట్టగానే హమాలీలు పని ఆపేస్తారు, మిల్లువాళ్లు దించుకోం అంటారు. జిల్లాల్లో రైతులకు వాతావరణ సలహాలిచ్చే విభాగాలను కేంద్రం 2024లో మూసేసింది. కనీసం కలెక్టరేట్‌లో ఒక్కరైనా పొద్దున్నే బులెటిన్ చూసి ఏ సెంటర్‌కు ఎన్ని లారీలో తేల్చాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదు. సెంటర్లకు ఎత్తు గచ్చు వేయించడం ఖర్చుతో కూడిన పనే, ఒప్పుకుంటాను. కానీ ఏటా తడిసిన ధాన్యం కొంటామని ప్రకటించి, ఆ తర్వాత మిల్లర్లతో పంచాయితీ పెట్టుకునే కంటే అదే చవక.

ఇక ఒక్క ప్రశ్న. తేమ చూసి, 17 లోపే ఉందని రాసుకుని, గన్నీ సంచులు లేవనో లారీ రాలేదనో ఆపిన కుప్ప ఆ రాత్రి తడిస్తే ఆ నష్టం ఎవరిది? మాదే అంటే మాదే అనండి. మీ శాఖది అంటే ఆ మాట కాగితం మీద ఇప్పించండి, సెంటర్ గోడకు అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక యాసంగి రైతు,
కరీంనగర్ జిల్లా