కుక్కర్ కూతల మధ్య చదువు

అందరికీ నమస్కారం. గత నెల చర్చకు రాలేకపోయాను, క్షమించండి. చిన్నదానికి జ్వరం, పెద్దవాడికి పరీక్షలు. అయినా చదవడం మానలేదు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ నాలాంటి వాళ్ళ కోసమే రాశారేమో! వంద కథలూ చిన్నవే. కుక్కర్ మూడో కూత వేసేలోగా ఒకటి అయిపోతుంది. బాపు బొమ్మ దగ్గర ఆగిపోతే మాత్రం అన్నం మెత్తబడుతుంది. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన పుస్తకాన్ని ఇంత ఆలస్యంగా చదివినందుకు కాస్త సిగ్గుగానే ఉంది.

రాత్రిళ్ళు పిల్లలకు మొక్కపాటి వారి ‘బారిష్టర్ పార్వతీశం’ చదివి వినిపిస్తున్నాను. మొగలితుర్రులో బయల్దేరిన పార్వతీశం ఇంకా ఓడ ఎక్కనే లేదు, వీళ్ళు నవ్వి నవ్వి నిద్రపోవడం మానేశారు. పడుకునే ముందు చదవదగ్గ పుస్తకం కాదని నాకిప్పుడు తెలిసింది.

తర్వాత బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ నవల అది, ముక్కలు ముక్కలుగా చదివితే అన్యాయం. పిల్లలు సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళాకే తెరుస్తాను. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం తీసుకురండి. ఈసారి పప్పు మరకలు లేకుండా తిరిగి ఇస్తాను.