ఆగస్టులో వచ్చే పంట రుణం ఎవరికి అక్కరకొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. గోదావరి దాటితే కాళేశ్వరం, మా జిల్లా ఆఫీసుకు పోవాలంటే మాత్రం 200 కిలోమీటర్ల పైనే, అందుకే మా గోస మీ పేపర్‌కు చెప్పుకోవడమే దగ్గర దారి. రైతులకు బ్యాంకులు ఇన్ని వేల కోట్లు ఇచ్చాయని వార్తలు వేస్తుంటారు కదా, ఏ నెలలో ఇచ్చాయో కూడా ఒక్కసారి రాయండి. నా గొడవంతా అదే.

కాగితం మీద మాకు లోటేం లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998 నుంచి ఉంది. 3 లక్షల దాకా పంట రుణం టైముకు కడితే కేంద్రం లెక్కలో మిత్తి 4 శాతమే, అది కూడా మహారాష్ట్ర ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి మాకు పడేది సున్నా. తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి నుంచి 2 లక్షలు చేసింది. ఇంత చవక అప్పు పెట్టుకుని నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి ఎరువుల దుకాణంలో ఎందుకు రాయించుకుంటున్నావయ్యా అని మా బావమరిదే అడిగాడు, ఆయనది నది అవతలి ఊరు.

ఎందుకంటే సున్నా మిత్తి కావాలంటే మార్చి 31 లోపు అసలు మొత్తం ఒక్కసారే కట్టాలి. పత్తి డబ్బులు జనవరిలో వస్తాయి, వచ్చినవి వచ్చినట్టే దుకాణం బాకీకి పోతాయి. మరి మార్చిలో బ్యాంకుకు ఏం కట్టాలి? ఎవరి దగ్గరో పది పదిహేను రోజులకు చేబదులు తెచ్చి కట్టి, మళ్లీ కొత్త లోను రాయించుకుని వాళ్లది తీర్చాలి. మరాఠీలో దీనికి నవం-జునం అని పేరు కూడా ఉంది, పాతదాన్ని కొత్తది చేయడం. పోయినేడు నేను మార్చి 28న కట్టాను. ఏప్రిల్‌లో పోతే ఈ ఏటి రుణాల లిమిట్లు ఇంకా రాలేదన్నారు, మేలో సాత్‌బారా, అంటే భూమి పహాణీ, కొత్తది తెమ్మన్నారు, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర అది తెచ్చేసరికి పక్క బ్యాంకుల్లో బాకీ లేదని కాగితం అడిగారు, ఫారాలన్నీ మరాఠీలో, మా ఇంట్లో చదవగలిగేది మా చిన్నోడొక్కడే, వాడేమో హాస్టల్లో. డబ్బు ఖాతాలో పడింది ఆగస్టు 9న. చేబదులు ఇచ్చినాయనకు అప్పటిదాకా మిత్తి కట్టిందీ నేనే.

వాన ఎవరి కాగితాల కోసం ఆగదు కదా. జూన్ ఆఖరులోనే గింజ పెట్టాం. నలభై వేల సరుకు ఉద్దెర తెచ్చాను. బస్తా మీద 1,350 అని అచ్చు వేసి ఉన్న డీఏపీకి దుకాణపాయన చిట్టాలో 1,500 రాశాడు, ఏడు నెలలకు మిత్తి 8,400 అయింది. గింజ కూడా ఆయన ఇచ్చిందే, నేను అడిగిన రకం లేదన్నాడు. ఆగస్టులో డబ్బు రాగానే బాకీ కట్టేస్తానని పోయాను. ఆయన నవ్వి, "డబ్బుకు తొందరేం లేదన్నా, పత్తి నా కాంటా మీదికి రానియ్యి" అన్నాడు. అప్పుడర్థమైంది, ఆయనకు కావాల్సింది మిత్తి ఒక్కటే కాదు, నా పత్తి. పొడుగు పింజ పత్తికి 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాలుకు 8,110, ఆయన నాకు కట్టింది 6,900. ఇక ఆ ఆగస్టు డబ్బు, నిజం చెప్పాలి కదా, సగం మా చిన్నోడి హాస్టల్ ఫీజుకే పోయింది.

దిగుబడి ఎందుకు పెరగదని అధికారులు మీటింగుల్లో అడుగుతుంటారు. జూలైలో మా చేనుకు వస్తే తెలిసేది. చేతిలో పైసా లేక నేనూ నా భార్యా పక్కూరి పటేల్ పత్తిలో కలుపుకు కైకిలి పోయాం, మా చేనులో గడ్డి మోకాలు దాకా లేచింది. మా వల్ల ఆయన చేను శుభ్రమైంది! పైపాటుగా వేయాల్సిన యూరియా మూడు వారాలు ఆలస్యం. నాలుగెకరాలకు 22 క్వింటాళ్లు వచ్చింది, అదే నేల, అదే వాన, చేతిలో డబ్బున్న మా గట్టు పక్కాయనకు అంతే భూమిలో 34. ఆఫ్రికాలో జాంబియా అనే దేశంలో దీని మీదే ఒక పరీక్ష చేశారట, మా చిన్నోడు ఫోన్‌లో చదివి చెప్పాడు. కోతలకు ముందు తిండికి కటకటలాడే నెలల్లో రైతులకు చిన్న అప్పులు ఇచ్చి చూస్తే, వాళ్లు కైకిలి తగ్గించుకుని సొంత చేనులో ఎక్కువ పనిచేశారు, పంట పెరిగింది, ఊళ్లో కూలి రేటు కూడా పెరిగింది. ఎక్కడి జాంబియా, ఎక్కడి సిరోంచ, కానీ విన్నప్పుడు మా ఇంటి సంగతే చెప్తున్నట్టు అనిపించింది.

నది అవతల తెలంగాణలో రైతు భరోసా కింద ఎకరానికి సీజన్‌కు 6,000 పడుతుంది. అది అప్పు కాదు, దాంతో దీన్ని పోల్చను. అది కూడా ఒక్కోసారి లేటవుతుందని బావమరిది తిడుతుంటాడు. కానీ 2025 జూన్‌లో విత్తనం కొనే వేళకే పడింది, దాంతో ఆయన తనకు నచ్చిన గింజ నగదుకు తెచ్చుకున్నాడు. ఇక కౌలుకు చేసేవాళ్లకు రెండు గట్లలోనూ కష్టమే. అడవి హక్కు పట్టాలున్నవాళ్లదీ అంతే, ఆ భూమి అమ్మడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది కాబట్టి బ్యాంకాయన ఆ కాగితం చూసి పక్కన పెడతాడు.

మాకు రుణమాఫీ వద్దు. 2017లో ఒకటి, 2019లో ఒకటి వచ్చాయి, అవి వచ్చినా జూన్‌లో గింజకు డబ్బు పుట్టలేదు. కిసాన్ కార్డు అయిదేళ్లకు ఇస్తారు, కావాల్సినప్పుడు తీసుకుని ఉన్నప్పుడు కట్టే ఖాతా అది. మరి కట్టిన వారానికే అదే లిమిట్ మళ్లీ తెరవడానికి నాలుగు నెలలెందుకు? మేలో ఊరూరికీ వచ్చి, తెలుగు తెలిసిన మనిషిని ఒకరిని కూర్చోబెట్టి కాగితాలు పూర్తి చేస్తే చాలు.

ఈ ఏడు గడువుకు ఇంకా పన్నెండు రోజులుంది. చేబదులు ఇస్తానన్నాయన రేపు పొద్దున రమ్మన్నాడు, ఈసారి వందకు అర్ధరూపాయి పెంచుతాడట.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర