వార్షిక నివేదిక 2025–26: అటక దిగిన ల్యాప్‌టాప్‌లు

సభ్యులందరికీ నమస్కారం.

మార్చి 19న పరాభవ ఉగాది పచ్చడి తిన్నాం కాబట్టి, ఈ నివేదిక వెళ్లిపోయిన విశ్వావసు సంవత్సరం గురించి. కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల రోజు వాన పట్టుకోవడంతో పులిహోర బస్సులోనే తినాల్సి వచ్చింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది కొత్తగా మొదలైన పని ఒక్కటే: ఆదివారం సాయంత్రం కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం. పోయినసారి నివేదిక నిండా వంటల జాబితాయే ఉందని కొందరు అన్నారు. అందుకే ఈసారి ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాను.

ఇది మేం ప్లాను వేసి మొదలుపెట్టిన పని కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంచెం కొత్తదై ఉండాలి. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు మన సభ్యుల ఇళ్లలో పిల్లలు ఉద్యోగాల్లో చేరాక అటకెక్కిన ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఆ యోగం లేదు. "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. వద్దన్నాం. ఒక శనివారం నలుగురం కలిసి కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లి ఎస్సెస్‌డీలు (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కులు) కొని, పాత హార్డ్ డిస్కులు తీసేసి అవి బిగించాం. విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం వేశాం. దానికి 4 జీబీ ర్యామ్ చాలు. ఆన్ చేసి కాఫీ కలుపుకుని వచ్చేదాకా గుండ్రంగా తిరుగుతూ ఉండే మెషీన్లు ఇప్పుడు గబగబా తెరుచుకుంటున్నాయి.

ఇక్కడే ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి వారం ఒక సభ్యురాలి ల్యాప్‌టాప్‌లో ముందుగా ఏమీ కాపీ చేయకుండానే పాత డిస్కు మీదే లినక్స్ వేసేశాం. అందులో వాళ్లమ్మాయి పెళ్లి ఫోటోలు ఉన్నాయి. బంధువుల ఫోన్లలోంచి కొన్ని సంపాదించాం గానీ అన్నీ రాలేదు. తప్పు పూర్తిగా మాది. అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ముందు అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయాలి. తర్వాత లినక్స్‌ని పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చిందంటేనే లోపల వేయాలి.

మరి ఆ ల్యాప్‌టాప్‌లతో ఏం చేయాలి? లినక్స్ మింట్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ముందే ఉంటుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది. మన సంఘంలో గడపకో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నారు, నేర్పేవాళ్లకు కొదవేముందనుకున్నాం. తీరా మొదటి ఆదివారం మనవాడొకడు గంటన్నర సేపు క్లౌడ్ గురించీ గిట్ గురించీ చెప్పాడు. పాపం మంచివాడే, ఆఫీసులో ఎలా మాట్లాడతాడో ఇక్కడా అలాగే మాట్లాడాడు. రెండో ఆదివారానికి సగం మందే వచ్చారు.

అప్పుడు రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు సుద్దముక్క అందుకున్నారు. ఆయన ఎప్పుడో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నవారు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కుర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ఆచార్యులు ఆ భాషను తయారు చేసింది సైన్సు చదవని విద్యార్థుల కోసమేనట. "మనమూ ఆ బాపతే, భయం దేనికి?" అని మొదలుపెట్టారు.

ఆయన ఇచ్చిన మొదటి లెక్క, ఇంగ్లిష్ సంవత్సరం చెబితే తెలుగు సంవత్సరం పేరు చెప్పాలి. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు వరుసగా టైపు చేయడానికే ఒక సాయంత్రం పట్టింది. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది కాబట్టి, సంవత్సరంలోంచి 1987 తీసేసి, 60తో భాగిస్తే వచ్చే శేషమే ఆ పేరు స్థానం. ఎందుకంటే పైథాన్ వరుసలో మొదటిదాన్ని సున్నా అంటుంది. అది మరిచి, ప్రభవ ఒకటో నంబరు కదా అని అందరూ 1986 తీసేశారు. 2025 అని కొడితే విశ్వావసు రావలసిన చోట పరాభవ వచ్చింది. మొదటి ప్రోగ్రాముకే పరాభవం అని గదంతా నవ్వు.

అది సరిచేశాక 1950లో పుట్టిన ఒక పెద్దాయన తన సంవత్సరం చూడమన్నారు. 1950లోంచి 1987 తీసేస్తే మైనస్ 37. ఇక ఇది పని చేయదని జావా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసే కుర్రాడు పందెం కాశాడు. జావాలో, సీ అనే భాషలో శేషం మైనస్ 37 అనే వస్తుంది. పైథాన్ మాత్రం 23 ఇచ్చి, వికృతి అని సరిగ్గా చెప్పింది. కుర్రాడు అందరికీ బజ్జీలు తెప్పించాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఒకావిడ వాళ్లమ్మ పుట్టింది 1951 ఫిబ్రవరి. ప్రోగ్రాము ఖర అంది. పాత జాతకంలో వికృతి అని ఉంది. జాతకమే రైటు, ఎందుకంటే అప్పటికి ఇంకా ఉగాది రాలేదు. జనవరి, ఫిబ్రవరి అయితే ఒక సంవత్సరం వెనక్కి జరపమని రాశాం. మార్చి, ఏప్రిల్ అయితే ఉగాది ఏ తేదీన వచ్చిందో పాత పంచాంగాలు చూసి ఎక్కిస్తున్నాం. మీ ఇంట్లో పాత పంచాంగాలుంటే ఇవ్వండి.

ఇంటి ఖర్చులు రాసుకునే ఒక సభ్యురాలికి వేరే చిక్కు వచ్చింది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వచ్చింది. కంప్యూటరు లోపల అంకెలు రెండు ఆధారంగా ఉంటాయి కాబట్టి 0.1ని కచ్చితంగా దాచుకోలేదు. ఆ చివరి నాలుగు ఎవరి జేబులోకి పోతోందని కోశాధికారి గారిని ఆటపట్టించాం. ఇప్పుడు ఆవిడ లెక్కంతా పైసల్లో, పూర్ణాంకాల్లో రాసుకుంటున్నారు.

పద్యాల పిచ్చి ఉన్న మరొకాయన ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు ఉన్నాయో లేదో చూసే ప్రోగ్రాము రాయబోయారు. శ్రీ అన్న ఒక్క అక్షరాన్ని పైథాన్ నాలుగుగా లెక్కించింది: శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అలా విడివిడిగానే ఉంటుంది. 'తెలుగు' ఆరు అవుతుంది. గుణింతం గుర్తుల్ని, పొల్లుని, దాని తర్వాతి హల్లుని లెక్కలోంచి తీసేయాలని ఆయనే కనిపెట్టారు. గురులఘువుల దగ్గర ఇంకా కుస్తీ పడుతున్నారు. మధ్యలో ఫోన్ చేసినా ఎత్తడం లేదని వాళ్లావిడ ఫిర్యాదు.

కార్యవర్గ సమావేశంలో ఒకరు, "ఇదంతా ఏఐని అడిగితే క్షణంలో రాసిస్తుంది కదండీ" అన్నారు. దానికి మన ముగ్గుల పోటీ చూసుకునే ఆవిడ, "ముగ్గు స్టిక్కర్లు కూడా అమ్ముతున్నారు, మేం పొద్దున్నే లేచి ఎందుకు వేస్తున్నాం?" అన్నారు. చర్చ అక్కడితో ఆగింది. బడ్జెట్ పాసైంది.

వచ్చే ఏడాదీ ఆదివారాలు సాయంత్రం నాలుగింటికే. మూలన పడిన ల్యాప్‌టాప్ ఉంటే తీసుకురండి, బ్యాటరీ పోయినా ఫరవాలేదు. ఛార్జరు మాత్రం మరవకండి. పోయిన నెల మూడు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, మూడింటికీ ఛార్జర్లు లేవు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటే ఉంది, ఇంకొకటి ఎవరైనా ఇస్తే సంతోషం.

ఇట్లు,
కార్యదర్శి