మా స్నేహం నిలబెట్టిన ఇద్దరికి కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. నా చిన్ననాటి స్నేహితుడికీ, మా చర్చి సంఘంలోని ఒక పెద్దావిడకూ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

వాడు దేవుణ్ణి నమ్మడు. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, వాడేమీ అడగకముందే మారుమనస్సు (పాపం విడిచి దేవుని వైపు తిరగడం) గురించీ నిత్యజీవం గురించీ చెప్పడం మొదలుపెట్టాను. మంచే చేస్తున్నాననుకున్నాను. వాడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత నాలుగు నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

మా సంఘంలోని ఆ పెద్దావిడతో చెప్పుకుని ఏడిస్తే, నన్ను తిట్టలేదు. బైబిల్లో మొదటి పేతురు పత్రిక 3:15 చదవమన్నారు. మన నిరీక్షణ గురించి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న ఆ వచనం నాకు కంఠతా వచ్చు. అయితే ఆ జవాబు అడిగినవాళ్లకని, అదీ సాత్వికంతో చెప్పాలని అందులోనే ఉంది. అన్నేళ్లుగా ఆ మాటల దగ్గర నేను ఆగనేలేదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారనీ, నోరు తెరిచాకే అతన్ని బాధపెట్టారనీ గుర్తుచేశారు. ఏథెన్సులో విగ్రహాలు చూసి, యేసు సువార్త ప్రకటించే పౌలు మనసు ఎంత కలవరపడినా, అక్కడి సభాస్థలం అరేయొపగులో మాట్లాడేటప్పుడు వాళ్ల బలిపీఠం గురించీ వాళ్ల కవుల మాటల గురించీ ఎత్తాడు. అంటే ముందు ఊరంతా తిరిగి చూశాడు, వాళ్లను తెలుసుకున్నాడు. నేను నా స్నేహితుడి దుఃఖాన్ని కూడా చూడలేదు.

"వెళ్లి క్షమాపణ అడుగు నాయనా. అందులో బైబిలు వాక్యం కలపకు" అన్నారు ఆవిడ. ఆ ఒక్క మాటకే ఎంతో రుణపడి ఉన్నాను.

వాడు తలుపు తీశాడు. అదే పెద్ద మేలు. "నాన్న గురించి ఒక్క మాటైనా అడిగావారా?" అన్నాడు. అప్పుడు అడిగాను. రాత్రి పొద్దుపోయేదాకా చెప్పాడు. ఆయన చదువుకున్న పుస్తకాల గురించి, ఆఖరి రోజుల గురించి. నేను విన్నాను, అంతే.

కొన్నాళ్లకు వాడే అడిగాడు, ప్రార్థన చేస్తుంటే ఎవరైనా వింటున్నట్టు నిజంగా అనిపిస్తుందా అని. నా అనుభవం చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. వాడు ఇప్పటికీ నమ్మడు. వాడి కోసం నా ప్రార్థన ఆగదు, ఆ సంగతి వాడికీ తెలుసు. కానీ మా స్నేహానికి అది షరతు కాదు.

నన్ను మళ్లీ లోపలికి రానిచ్చినందుకు థాంక్స్‌రా. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాను, నాన్నగారి పుస్తకాలు ఇద్దరం కలిసి సర్దుదాం.