పులికి గ్యారంటీ ఇచ్చి టికెట్లు అమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. వానాకాలంలో మూసిన మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి నడిభాగం (కోర్) అక్టోబర్ 1న మళ్లీ తెరుచుకుంటుంది. హనుమకొండ, కాజీపేటల్లో అప్పుడే కరపత్రాలు పంచుతున్నారు. ‘రెండు రాత్రులు, మూడు సఫారీలు, పులి గ్యారంటీ, కనబడకపోతే డబ్బు వాపస్’ అని వాటి మీద ఉంది. పోయిన మే నెలలో అచ్చం ఇలాంటి కాగితాన్నే నమ్మి మా కుటుంబమంతా వెళ్లొచ్చాం. ఆ మాట ఎంత చేటు చేస్తుందో కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. కాజీపేట–బల్లార్షా లైన్లో 31 ఏళ్లు తిరిగాను. సిర్పూర్ టౌన్ దాటాక మాకుడి, విరూర్ మధ్య రాత్రిపూట బండి సిగ్నల్ దగ్గర ఆగితే, బ్రేక్ వ్యాన్‌లోంచి టార్చి కొట్టినప్పుడు దుప్పుల కళ్లు మెరిసేవి. ఒకసారి ఎలుగుబంటి పిల్లను వీపు మీద ఎక్కించుకుని పట్టాలు దాటింది. అది మెల్లగా దిగిపోయే దాకా నేను ఊపిరి బిగబట్టి చూశాను. పులి మాత్రం అన్నేళ్లలో ఒక్కసారీ కనబడలేదు. చూడాలన్న ఆశ మాత్రం అలాగే ఉండిపోయింది. మనవరాలు తొమ్మిదో తరగతికి వచ్చింది, ‘తాతా, పోదాం’ అన్నది, బయలుదేరాం.

మొదటి సాయంత్రం కోర్ చుట్టూ ఉండే బఫర్ అడవిలో ఒక నెమలి, అడవిదున్నల మంద కనిపించాయి. మా జీపులో అందరూ సంతోషపడ్డాం. మాతో వచ్చిన ఇంకో కుటుంబం మాత్రం ‘గ్యారంటీ అన్నారు కదా, పులి ఏది?’ అని డ్రైవర్‌ను నిలదీసింది. వాళ్లను తప్పుపట్టను. పైసా పైసా కూడబెట్టుకుని వచ్చినవాళ్లు, కాగితం మీద రాసిందే అడిగారు.

మర్నాడు పొద్దున మొహర్లీ గేటు నుంచి లోపలికి పోయాం. ఒక నీటిగుంట దగ్గర ఆడపులి. వెనక్కి తిరిగి, ముందు తోక, తర్వాత నడుము, ఆ తర్వాత కాళ్లు, ఇట్లా వెనకనుంచే నీళ్లలోకి దిగింది. మెడ దాకా మునిగి కళ్లు మూసుకుంది. మీసాల చివర నీటిబొట్టు వేలాడుతుంటే నా చేతిలో బైనాక్యులర్ వణికింది. 

అప్పుడే వెనకనుంచి నాలుగు జిప్సీ జీపులు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. ముందు రోజు గొడవపడ్డ కుటుంబం బండి నీటిగుంటకూ వెదురు పొదకూ మధ్య అడ్డంగా నిలబడింది. బాగా దగ్గరికి పోతే పైన అయిదు వందలు ఇస్తామన్నారట. పులి లేచింది. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. వెదురు వైపు నాలుగడుగులు వేసి ఆగింది, మళ్లీ నీళ్లలోకి పోయింది. రెండోసారీ అంతే. మా గైడ్ ఒక చంద్రపూర్ ఆడబిడ్డ. ‘పొదలో పిల్లలున్నాయి, దానికి దారి కావాలి’ అని హిందీలో చెప్పి, డ్రైవర్ భుజం తట్టి మా బండిని బాగా వెనక్కి తీయించింది. అరిచి మిగతావాళ్లనూ కదిలించింది. అప్పుడు గానీ పులి దాటలేదు. మాకు దాని వెనకభాగం మాత్రమే కనబడింది. అయినా ఆమె చేసిందే సరైన పని.

ఇలాంటివి ఇదివరకూ జరిగాయి. 2024 డిసెంబర్ 31న మహారాష్ట్రలోనే ఉమ్రేడ్-కర్హండ్లా అభయారణ్యంలో ఆడపులినీ అయిదు పిల్లలనూ సఫారీ బండ్లు చుట్టుముట్టాయి. నాగపూర్‌లోని హైకోర్టు బెంచ్ తనంతట తానే దాన్ని విచారణకు తీసుకుంది. 

గ్యారంటీ మాట నమ్మి అక్టోబర్‌లో పోయేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. వానలు వెళ్లగానే గడ్డి నిలువెత్తు ఉంటుంది, ఎక్కడ చూసినా నీళ్లే. పులి గుంట దగ్గరికి రావలసిన పనే లేదు. ఏప్రిల్, మే నెలల్లో చంద్రపూర్ ఎండ ప్రాణం తీస్తుంది గానీ, పులి నీళ్లకు వచ్చేది అప్పుడే. దసరాకు పోతే పచ్చటి అడవి కోసం, పక్షుల కోసం పోండి. మధ్యలో ఏ ఏజెంటూ అవసరం లేదు. మహారాష్ట్ర అటవీశాఖ ఆన్‌లైన్‌లోనే జీపు ఇస్తుంది. ఒక బండిలో ఆరుగురు పడతారు. బుకింగ్‌లో చూపిన గుర్తింపు కార్డే వెంట తీసుకుపోవాలి. మంగళవారం కోర్ మూసి ఉంటుంది, అది చూసుకోకుండా రైలు టికెట్ తీస్తే ఒక రోజు దండుగ. కాజీపేట నుంచి తాడోబా దారిలో ఉన్న బల్లార్షా దాకా 235 కిలోమీటర్ల లోపే.

2022 లెక్కల ప్రకారం మహారాష్ట్రలో 444 పులులు, మన తెలంగాణలో 21. తాడోబా వైపు నుంచి నదులు దాటి వచ్చిన పులులే కాగజ్‌నగర్ అడవుల్లో తిరుగుతున్నాయి. 2024 నవంబర్‌లో అక్కడ పత్తి చేన్లో పనిచేస్తున్న ఒక ఆడమనిషిని పులి చంపింది. ఆ తర్వాత పులి వెనకనుంచి మీద పడకుండా కూలీలు తల వెనక మనిషి ముఖం మాస్కులు కట్టుకుని పత్తి ఏరారు. పులికి దారి ఇవ్వాలని మా గైడ్ చెప్పిన పాఠాన్ని రోజూ పాటిస్తూ బతుకుతున్నవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. సరదాకు పోయే మనం ఇంకెంత ఒద్దికగా ఉండాలి?

మన అటవీశాఖ, పర్యాటక శాఖలకు నా విన్నపం. పులి గ్యారంటీ అని అచ్చేసిన కరపత్రాలను ఆపించండి. గేట్ల దగ్గర పాటించాల్సిన నియమాలను తెలుగులో ఒక పేజీగా అచ్చువేసి కాజీపేట, మంచిర్యాల స్టేషన్లలో అంటించండి. మా పక్కింటివాళ్లు గ్యారంటీ టూరుకు కట్టిన అడ్వాన్సు ఇప్పుడు వాపస్ అడుగుతున్నారు, ఇంకా రాలేదు.

– ఒక విశ్రాంత రైల్వే గార్డు, కాజీపేట